పనికిరాదని వ్రాసిన ఓడ

ఈ సంచికకు ఏదైన వ్రాసి యిమ్మని సంఘమువారు అడిగినప్పుడు మేము మొదట సంకోచించితిమి. మేము పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, మదరాసు రేవు చెంత ఓడసరకుల వ్యవహారము చూచు ఒక కంపెనీలో నలుబది యేండ్లు గుమస్తాగిరి చేసి, 2017లో విశ్రాంతి తీసికొన్న వారము. జీవితమున మేము వ్రాసినవన్నియు సరకుల జాబితాలు, రశీదులు, ఆలస్యమునకు సంజాయిషీలు. "మీకు తెలిసినదే వ్రాయండి, అదే చాలు" అని కార్యదర్శిగారు పట్టుబట్టిరి. మాకు తెలిసినవి ఓడల కాగితములు. కావున ఒక ఓడను గూర్చియే వ్రాయుచున్నాము. దానిని మేము కంట చూడలేదు. అది మన దేశమునకు రాలేదని గాని వచ్చినదని గాని చెప్పుటకు మేము సాహసింపము. అది యిప్పుడున్న చోటు దక్షిణ అమెరికా కొనకు సమీపమున, అర్జెంటీనా తీరమునకు దాదాపు 300 మైళ్ళ తూర్పున, ఫాక్‌లాండ్ దీవులలోని స్టాన్లీ రేవు.

అయితే ముందుగా మేము కన్నులార చూచిన ఓడ సంగతి చెప్పవలెను. లేనిచో రెండవ దానిపై మాకింత పట్టుదల యేల కలిగినదో చదువరులకు బోధపడదు.

1966 నవంబరు 3వ తేదీన మదరాసును తుపాను తాకినది. అప్పటికి మాకు ఏడేండ్లు. చింతాద్రిపేటలో అద్దె యింట నుంటిమి. రాత్రి పెంకులు లేచిపోవు చప్పుడు, మా అమ్మగారు వంటగదిలో గిన్నెలు పేర్చి కారునీరు పట్టుట మాత్రమే జ్ఞాపకమున్నవి. గాలి తగ్గిన పిమ్మట మా తండ్రిగారు మమ్ము చేయి పట్టుకొని మెరీనా తీరమునకు నడిపించుకొని పోయిరి. ఊరు ఊరంతయు అక్కడనే యున్నది. ఆ తుపానులో మూడు ఓడలు కొట్టుకొని వచ్చి మదరాసు తీరమున మెరక నెక్కినవి. వాటిలో ఒక దాని పేరు స్టమాటిస్. అది నీటి యంచున, మనుష్యులు పిలిచిన పలుకునంత దగ్గరగా, ఒక ప్రక్కకు ఒరిగి నిలిచియున్నది. ఓడ యనగా దూరమున చుక్కవలె కనబడునది యని యనుకొన్న పసివానికి అది ఇల్లంత, కాదు, వీధియంత కనబడెను. అలలు దానిని కొట్టుచున్నవి గాని అది కదలుట లేదు. అదే మాకు భయమైనది.

"నాయనా, దానికేమైంది?" అని అడిగితిమి.

"పట్టు తప్పిందిరా" అనిరి వారు. ఇంకేమియు చెప్పలేదు. శనగల పొట్లము కొని మా చేతికిచ్చి, తాము చాలసేపు అట్లే చూచుచు నిలిచిరి. ఆ ఓడ శిథిలము తరువాత చాల యేండ్లు నీటి యడుగున నుండి స్నానమునకు దిగువారికి అపాయకరమయ్యెనని చెప్పుకొనెడివారు.

మా తండ్రిగారట్లు నిలిచి చూచుటకు కారణము కలదు. మాది తాళ్ళరేవు. కోరంగి ప్రక్కన, యానాముకు కూతవేటు దూరమున గల గ్రామము. ఈ సంచిక చదువు యానాము వారికి దానిని గూర్చి చెప్పనక్కరలేదు గాని, కన్నడ దేశమున, మహారాష్ట్రమున తరతరాలుగా నున్న తెలుగు కుటుంబములవారి కొరకు రెండు మాటలు. ఒకప్పుడు కోరంగి గొప్ప రేవు. అక్కడను తాళ్ళరేవులోను టేకుతో తెరచాప ఓడలు కట్టెడివారు. బర్మాకు పోవు తెలుగు కూలీలు, కళాసులు అందరును ఆ రేవు పేరనే అచ్చట "కోరంగీలు" అనబడిరి. 1789 డిసెంబరులో సముద్రము మూడు పెద్ద కెరటములుగా లేచి ఊరిని ముంచినదనియు, మొదటి కెరటమే లంగరు వేసియున్న ఓడలను తీరముపైకి విసరివేసినదనియు వ్రాసియున్నారు. 1839 నవంబరులో మరల అట్టిదే వచ్చినది. అటుపై గోదావరి ఒండ్రు రేవు ముఖమును పూడ్చివేసెను, కాకినాడ పైకి వచ్చెను. ఓడలు కట్టువారు, నడపువారు తలయొక దిక్కుకు పోయిరి.

మా ముత్తాతగారు తండేలు. కాకినాడ నుండి రంగూనుకు పోవు తెరచాప ఓడపై కళాసులకు పెద్ద. ఆయన చేతి వ్రాతతో తోలు అట్ట వేసిన లెక్కల పుస్తకమొకటి మా యింట నుండెడిది. మా తాతగారు ఆ పుస్తకమును, ఒక రేకు పెట్టెను తీసికొని మదరాసు వచ్చి రేవులో సరకు లెక్కించు పనికి కుదిరిరి. మా తండ్రిగారును అదే రేవున, మేమును అక్కడనే. నీటి పైనుండి ఒడ్డుకు, ఒడ్డుపైనుండి బల్లకు వచ్చితిమని మా తండ్రిగారు పరిహాసము చేసెడివారు.

ఇక ఆ రెండవ ఓడ. మేము ఉద్యోగమున చేరిన తొలి దినములలో మా కార్యాలయపు గోడపై ఓడల బొమ్మల క్యాలెండరు వ్రేలాడుచుండెడిది. అందొక నెల బొమ్మలో మూడు స్తంభముల ఇనుప ఓడ లోతులేని నీటిలో నిలిచియున్నది. తెరచాపలు లేవు. ఒడలంతయు త్రుప్పు. చుట్టును చెట్టన్నది లేని బోడి గుట్టలు. క్రింద "లేడీ ఎలిజబెత్, స్టాన్లీ" అని మాత్రమే యుండెను. నెల తిరిగినను ఆ కాగితము చింపుటకు మాకు మనసొప్పలేదు. చింపి పారవేయక, మడిచి సొరుగులో దాచుకొంటిమి. మెరీనాలోని ఓడ అట్లే కదలక నిలిచియుండెను గదా. నాటినుండి ఆ ఓడను గూర్చి దొరికినదెల్ల చదువుచు వచ్చితిమి. గ్రంథాలయములో కొంత, ఓడల పరీక్షకులు చెప్పగా కొంత, ఇటీవల మనుమరాలి ఫోనులో కొంత.

లేడీ ఎలిజబెత్ ఇంగ్లండులోని సండర్లాండ్ పట్టణమున రాబర్ట్ థాంప్సన్ అను నిర్మాత కట్టినది. 1879 జూను 4న నీటిలోనికి దిగినది. పొడవు 223 అడుగులు, వెడల్పు 35 అడుగులు, భారము 1,155 టన్నులు. అప్పటికి ఆవిరి ఓడలు వచ్చియుండెను గాని, దూరపు ప్రయాణములకు, తొందరలేని సరకులకు తెరచాప ఓడయే చౌక. గాలికి ధర లేదు, బొగ్గుకు కలదు. ఇట్టి ఓడలు దొరికిన సరకు నెత్తుకొని, దొరికిన రేవునకు పోయెడివి. మా భాషలో చెప్పవలెనన్న ఇవి కిరాయి బండ్ల వంటివి. 1906లో దీనిని నార్వే వారు కొనిరి.

1912 డిసెంబరులో ఇది కెనడాలోని వాంకూవరు నుండి కలప నింపుకొని ఆఫ్రికాలోని డెలగోవా బేకు బయలుదేరినది. దానినే నేడు మపూటో అందురు. దారి హారన్ అగ్రము మీదుగా. పనామా కాలువ 1914లో గాని తెరవబడలేదు. అందాక అమెరికా పడమటి తీరము నుండి వచ్చు తెరచాప ఓడలకు సాధారణముగా ఆ భయంకరమైన మూలయే త్రోవ. అక్కడ గాలివానకు చిక్కి ఈ ఓడ తన చిన్న పడవలను, పైతట్టు కలపను, కొందరు మనుష్యులను కూడ పోగొట్టుకొన్నది. బాగుచేయించుకొందమని స్టాన్లీ వైపు తిరిగినది. 1913 మార్చి 13న, రేవు సమీపించుచుండగా నీటి యడుగున దాగిన యురానీ రాతికి తగిలి అడుగు చినిగినది. ఆ రాతికి ఆ పేరెట్లు వచ్చినదనుకొన్నారు? 1820లో ఫ్రెంచివారి యురానీ యను పరిశోధక నౌక ఆ ప్రాంతముననే చెడినది. ఒక ఓడ పేరు పెట్టించుకొన్న రాయి మరియొక ఓడను పట్టుకొన్నది. సముద్రపు పటములలో ఇట్టి పేర్లు తరచు కానవచ్చును. అవి ఒక విధమైన తద్దినములు.

ఎట్లో రేవు చేరినది. పరీక్షకులు వచ్చి చూచిరి. మరమ్మతుకగు ఖర్చు ఓడ విలువను మించునని తేల్చి, ఇక సముద్రయానమునకు పనికిరాదని వ్రాసిరి.

ఈ మాట దగ్గర మేము కొంత నిలువవలసియున్నది. ఇది మా వృత్తికి సంబంధించిన మాట. "పనికిరాదు" అని వ్రాయుట యెట్లో మేమెరుగుదుము. తడిసిన బస్తాలు, పగిలిన పెట్టెలు, చీడపట్టిన ధాన్యము: పరీక్షకుడు చెప్పును, గుమస్తా వ్రాయును, పై యధికారి సంతకము చేయును. వ్రాసిన తరువాత ఆ వస్తువునకు వేరొక జీవితము ప్రారంభమగును. అది లెక్కలలో నుండదు గాని లోకములో నుండును. స్టాన్లీలో ఇట్టి ఓడలకు కొదువ లేదు. హారన్ అగ్రము దగ్గర దెబ్బతిన్న ఓడలెన్నో అచ్చటికి చేరెడివి. అక్కడ పనివారు తక్కువ, సామాను దూరమునుండి రావలెను, కూలి హెచ్చు. బాగుచేయించుట కంటె అమ్మివేయుటయే మేలని యజమానులు తలచెడివారు. ఆ దీవులలో గొఱ్ఱెలు లెక్కకు మిక్కిలి, చెట్లు లేవు. కలప లేని చోట ఒక ఓడ దొరికినదన్న తేలుచున్న గోదాము దొరికినట్లే. 1849లో లివర్‌పూలులో కట్టిన ఒక ఓడ కూడ 1870లో అట్లే వచ్చి చిక్కుకొన్నది. దాని పేరు జీలమ్. మన పంజాబు నది పేరు మోసికొని పోయి ఆ చలిదేశపు బురదలో నూరేండ్లకు పైగా పడియుండుట తలచిన మాకు ఏదో బంధువు పరదేశమున చిక్కినట్లుండును.

లేడీ ఎలిజబెత్‌ను ఫాక్‌లాండ్ ఐలాండ్స్ కంపెనీవారు కొని రేవులో కట్టివేసి గోదాముగా వాడుకొనిరి. నార్వే పోయెను, కలప పోయెను, నావికులు పోయిరి. ఇరువది మూడేండ్లు అది ఒకే చోట గొలుసులకు కట్టుబడి యుండెను.

గొలుసుతో కట్టిన ఓడ భద్రముగా నున్నదని ఒడ్డున నుండువారు తలంతురు. అది నిజము కాదు. ఓడను పట్టియుంచునది లంగరు మాత్రమే కాదు, గొలుసు బరువు కూడ. గొలుసు పొడవుగా వదలినచో దానిలో చాల భాగము అడుగున పడుకొనియుండును. గాలి ఓడను నెట్టినప్పుడు ఆ బరువు మెల్లగా పైకి లేచి విసురును మ్రింగును. గాలి మరీ హెచ్చయి గొలుసు బిగిసి సూటిగా నిలిచినచో, ఇక మ్రింగుటకేమియు మిగులదు. ప్రతి కుదుపును ఒక్కొక్క కొక్కెము మీద పడును. ఉప్పునీటిలో ఏండ్ల తరబడి నానిన కొక్కెము పైకి బాగుగనే కనబడుచు లోన సన్నబడియుండును. పైగా సరకు తక్కువైన కొలది ఓడ నీటిపై ఎత్తుగా తేలి గాలికి మరింత ప్రక్క నిచ్చును. మన మదరాసుకు గోడల రేవు లేని దినములలో ఓడలు బట్టబయలు సముద్రమున లంగరు వేసెడివి. సరకును మేకులు లేక కొబ్బరితాడుతో కుట్టిన మసులా పడవలలో ఒడ్డుకు దెచ్చెడివారు. తుపాను సూచన కనబడగానే ఒడ్డునుండి జెండా ఎత్తెడివారు. అప్పుడు నావికులు లంగరును లాగుచు కూర్చుండక, గొలుసునే వదలివేసి సముద్రము లోనికి పారిపోవలెను. నేలకు దగ్గరగా నుండుటయే అప్పుడు ప్రమాదము. కట్టివేసిన గోదాము ఓడకు ఆ అవకాశము లేదు. దానికి తెరచాపయు లేదు, మనుష్యులును లేరు.

1936 ఫిబ్రవరి 17న గాలివానలో లేడీ ఎలిజబెత్ కట్టు తెంచుకొన్నది. ఆ దీవులలో సాధారణముగా వీచునవి పడమటి గాలులు. స్టాన్లీ రేవు తూర్పు పడమరలుగా సాగిన సన్నని కయ్య. ఓడ తేలిపోయి పోయి తూర్పు కొనలో వేల్‌బోన్ కోవ్ అను లోతులేని మూలకు చేరి అక్కడ మెరక నెక్కినది. చుక్కాని పట్టువాడు లేక, తెరచాప లేక, 1913 తరువాత అది చేసిన ప్రయాణము అదొక్కటే. ఎవ్వరును దానిని మరల లాగలేదు. నేటికిని అక్కడనే యున్నది. అడుగున రంధ్రములు పడి పోటునీరు లోనికి వచ్చి పాటునకు వెడలిపోవుచుండును. 1982లో ఆ దీవుల కొరకు యుద్ధము జరిగినప్పుడును అది అట్లే నిలిచియుండెను.

దాని పొరుగునే ఇంకొక ఓడ యుండెను. పేరు గ్రేట్ బ్రిటన్. 1843లో బ్రిస్టలులో నీట దింపిన పెద్ద ఇనుప ఓడ. 1857లో మన దేశపు తిరుగుబాటును అణచుటకు సైనికులను బొంబాయికి తెచ్చినది ఇదియే. 1886లో హారన్ అగ్రము దగ్గర దెబ్బతిని స్టాన్లీ చేరి ఇదియు గోదాము అయ్యెను. గోదాముగా కూడ పనికిరాదని 1937లో దీనిని ఊరికి దూరముగా ఒక మూలకు లాగి అడుగునకు రంధ్రములు వేసి కూర్చుండబెట్టిరి. అయినను 1970లో మరల తేల్చి, దొప్పపై నెక్కించి, సముద్రములు దాటించి పుట్టిన బ్రిస్టలుకే తీసికొనిపోయి ముస్తాబు చేసిరి. ఇప్పుడు జనులు టిక్కెట్టు కొని చూచుచున్నారు. గొప్పవాని పేరున్నది, చరిత్రయున్నది, అడిగినవారుండిరి. కిరాయి బండి వంటి లేడీ ఎలిజబెత్‌ను అడిగినవారు లేరు. మాకు నిజము చెప్పవలెనన్న రెండవదే యిష్టము.

ఇక మా తప్పు చెప్పుకొనవలసి యున్నది. 1994లో చింతాద్రిపేట యిల్లు ఖాళీ చేసి విల్లివాక్కములో రెండు గదుల ఇంటికి మారితిమి. సామాను పెట్టుటకు చోటు లేదు. ముత్తాతగారి పుస్తకము అప్పటికి చెదలు తిని, అట్ట ఊడి, సగము పుటలు అంటుకొనిపోయి యుండెను. మేము దానిని పరీక్షకుని వలెనే చూచితిమి. నాలుగు పుటలు త్రిప్పితిమి. బియ్యము, చింతపండు, కూలి, మోకులు. రంగూనులో ఎవరికో ఇచ్చిన రెండు రూపాయలు. ఒక్క కథ లేదు, ఒక్క పద్యము లేదు. చదువుటకు కష్టము, ఉంచుటకు చోటు లేదు. పనికిరాదని మనసులో వ్రాసికొంటిమి. పాత కాగితములు కొనువాడు వచ్చినప్పుడు ఆఫీసు పుస్తకములతోను వారపత్రికలతోను కలిపి తూచి ఇచ్చివేసితిమి. ఎంత వచ్చినదో జ్ఞాపకము లేదు. గుమస్తాకు లెక్క జ్ఞాపకము లేకపోవుట యెరుగుదురా? మాకదొక్కటి జ్ఞాపకము లేదు.

అప్పుడు మా తండ్రిగారికి డెబ్బది నిండవచ్చుచున్నవి. సాయంకాలము బజారు నుండి వచ్చి, రేకు పెట్టె తెరచి చూచి, మూసిరి. "పుస్తకమేదిరా?" అనిరి. చెప్పితిమి. తిట్టుదురని యెదురు చూచితిమి. వారు, "సరేలే, ఎవరు చదువుతారు" అని కాఫీ యడిగిరి. ఆ మాట మా మేలు కోరి అన్నారో, నిజముగానే అన్నారో నేటికిని తెలియదు. మరునాడు పొద్దున్నే వీధి చివర నున్న పాతకాగితముల కొట్టుకు పోయివచ్చిరని మాత్రము మా యింటివారు చెప్పిరి. వట్టి చేతులతో వచ్చిరట. వారు 2001లో కాలము చేయువరకు ఆ మాట మరల ఎత్తలేదు.

ఆ క్యాలెండరు కాగితము మాత్రము మా సొరుగులో భద్రముగ నున్నది. ఎక్కడి సండర్లాండు, ఎక్కడి నార్వే! వాటి తేదీలు మాకు కంఠస్థము. మా ముత్తాతగారి ఓడ పేరు మాకు తెలియదు. అది ఆ పుస్తకమున ఏదో పుటలో నుండియుండవలెను.

ఈ సంచిక వెలువడు సందర్భమున కుటుంబములలోని పాత వస్తువులు ప్రదర్శనకు పెట్టుదమని సంఘమువారు కోరగా, మొన్న మేడమెట్ల క్రిందనుండి ఆ రేకు పెట్టెను బయటకు లాగితిమి. తొమ్మిదేండ్ల మా మనుమరాలు సాయము వచ్చినది. తమిళమును ఇంగ్లీషును బడిలో చదువుచున్నది. తెలుగు ఇంట మాటలాడును గాని అక్షరము రాదు. పెట్టె మూత తెరచి దుమ్ము తుడుచుచు ఆమెయే, "తాతా, ఇక్కడేదో రాసుంది" అనినది. మూత లోపలి వైపున రేకు త్రుప్పుపట్టి చిల్లు పడిన చోట మా తండ్రిగారు ఎప్పుడో మైదా జిగురుతో ఒక కాగితము అంటించియుండిరి. ఆ పుస్తకములోనుండి ఊడిన పుట. ముప్పది యేండ్లుగా ఆ పెట్టె మా యింటనే యున్నది. మూత తెరచినప్పుడెల్ల మేము లోన చూచితిమి గాని మూతను చూడలేదు.

జిగురుకు సిరా కొంత అలికిపోయినది. కళ్ళద్దములు తెచ్చుకొని, పెట్టెను వెలుతురులోనికి త్రిప్పి, ఒక్కొక్క మాట పైకి చదివితిమి. బియ్యము రెండు బస్తాలు. ఎండు మిరపకాయలు. చింతపండు. దీపమునకు నూనె. కొబ్బరి మోకు ఒకటి, క్రొత్తది. తరువాతి వరుస చినిగినది.

"మోకు అంటే ఏంటి తాతా?"

"లావుపాటి తాడు అమ్మలూ. ఓడను కట్టేది. నీ మణికట్టంత ఉంటుంది."

ఆమె తన మణికట్టును రెండు వ్రేళ్ళతో పట్టి చూచుకొనెను. ఆ పిమ్మట తన బడి పుస్తకము తెచ్చి ఆ మాటను తమిళ లిపిలో వ్రాసికొనినది. మరల చదువుమనగా "మోగు" అని చదివినది. తమిళమున ఆ రెంటికిని అక్షరమొకటే గదా. దాని క్రింద మేము తెలుగులో "మోకు" అని పెద్దగా వ్రాసి చూపితిమి. మొదటిసారి కొమ్ము పెట్టుట మరచినది. రెండవసారి సరిగానే వ్రాసినది.